కొత్త 64 బిట్ సర్వర్ మీద పాత డీటీఎస్ ప్యాకేజీలు నడపడం ఎట్లా

గుంటూరు పక్కన ఒక మిర్చి కోల్డ్ స్టోరేజ్ వాళ్లు సర్వర్ మారుస్తున్నాం ఒకసారి వచ్చి చూసిపోండి అంటే, ఒక్కపూట పనే కదా అని విజయవాడలో పొద్దున్నే ట్రైన్ ఎక్కి వెళ్లా. ఆ ఒక్కపూట పని తొమ్మిది రోజులు పట్టింది. డేటాబేస్ మార్చడం పెద్ద పనేం కాదు, మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ ఎస్క్యూఎల్ సర్వర్ 2000లో బ్యాకప్ తీసి కొత్త దాంట్లో 2008 ఆర్2 మీద రీస్టోర్ కొడితే భోజనాల టైముకి అయిపోయింది (2000 బ్యాకప్ నేరుగా ఎక్కేది 2008 ఆర్2 దాకానే, 2012 అయితే తీసుకోదు, ఇది ముందే గుర్తుపెట్టుకోండి). ఏడిపించింది మొత్తం రాత్రిళ్లు నడిచే డీటీఎస్ ప్యాకేజీలు. కాటా రూములో పీసీ నుంచి సీఎస్‌వీ ఫైలు, ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ ప్రోగ్రామ్‌లో రాసిన పార్టీ ఖాతాల డీబీఎఫ్ ఫైళ్లు, ఇవన్నీ రోజూ రాత్రి సర్వర్‌లోకి లాగే ప్యాకేజీలు ముప్పై చిల్లర ఉన్నాయి, వాటిని రాసినాయన ఉద్యోగం మానేసి ఎన్నేళ్లయిందో అక్కడ ఎవరికీ తెలీదు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. డీటీఎస్ అంటే డేటా ట్రాన్స్‌ఫర్మేషన్ సర్వీసెస్, 1998లో ఎస్క్యూఎల్ సర్వర్ 7.0తో వచ్చింది, 2000లో అందరూ విపరీతంగా వాడారు. 2005లో దీని బదులు ఎస్ఎస్ఐఎస్ (ఇంటిగ్రేషన్ సర్వీసెస్) తెచ్చారు, కానీ పాతవాళ్లు గొడవ చేస్తారని 2005, 2008, 2008 ఆర్2 మూడింట్లోనూ డీటీఎస్ నడిపే దారి ఒకటి ఉంచారు, 2012లో ఆ దారి కూడా మూసేసారు. డీటీఎస్ రన్‌టైమ్, అంటే ప్యాకేజీని నడిపే భాగం, 32 బిట్‌ది, 2005 నుంచి వచ్చిన ఏ వెర్షన్‌లోనూ దానికి 64 బిట్ సపోర్ట్ లేదు. మన కష్టాల్లో ముప్పావు వంతు ఈ ఒక్క ముక్క వల్లే.

ఏ ప్యాకేజీ మొరాయించినా నేను ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటా: ఎక్కడ నడుస్తోంది, ఎన్ని బిట్ల మీద నడుస్తోంది, ఎవరి పేరు మీద నడుస్తోంది. ఎర్రర్ మెసేజ్ ఏం చెప్పినా సరే, చివరికి తేలేది ఈ మూడింట్లో ఒకటే.

ఎక్కడ అనేది చాలామందికి తెలీదు. ఎంటర్‌ప్రైజ్ మేనేజర్‌లో (2000తో వచ్చిన అడ్మిన్ ప్రోగ్రామ్) ప్యాకేజీ మీద రైట్ క్లిక్ కొట్టి ఎగ్జిక్యూట్ అంటే అది సర్వర్‌లో నడవదు, మీరు కూర్చున్న పీసీలో నడుస్తది, మీ పీసీలో ఉన్న డీఎస్ఎన్‌లు (డేటాబేస్ కనెక్షన్ వివరాలకి పెట్టిన పేర్లు), మీ డ్రైవ్‌లు, మీ లాగిన్ వాడుకుంటది. అదే ప్యాకేజీ జాబ్‌లో పెడితే సర్వర్ మీద, ఏజెంట్ (జాబ్‌లని టైముకి నడిపే సర్వీస్) అకౌంట్ పేరుతో నడుస్తది. అందుకే చేత్తో కొడితే పనిచేసిద్ది, రాత్రి జాబ్‌లో చచ్చిద్ది. కొత్త సర్వర్‌లో దీనికి ఇంకో మెలిక కలిసింది. ఎంటర్‌ప్రైజ్ మేనేజర్ బదులు వచ్చిన మేనేజ్‌మెంట్ స్టూడియో 2008 ఆర్2లో 32 బిట్ ప్రోగ్రామ్, ఎస్క్యూఎల్ ఏజెంట్ 64 బిట్ సర్వీస్. స్టూడియోలో గ్రీన్ టిక్కులు చూసి ఇంటికెళ్లిపోయారంటే తెల్లారేసరికి ఫోన్ వస్తది.

సరే, పని మొదలుపెట్టేది పాత సర్వర్ దగ్గర. సర్వర్ తన జాబ్‌లు, ప్యాకేజీలు దాచుకునే ఎంఎస్‌డీబీ డేటాబేస్‌లో సిస్‌డీటీఎస్‌ప్యాకేజెస్ అని ఒక టేబుల్ ఉంటది, ప్యాకేజీలు అందులో ఉంటాయి, సేవ్ చేసిన ప్రతిసారీ ఒక కొత్త వెర్షన్ వరుస పడతది కాబట్టి అక్కడ నాలుగొందల వరుసలు కనపడితే కంగారు పడకండి, ఒక్కో పేరుకి లేటెస్ట్ క్రియేట్ డేట్ ఉన్నది చూసుకుంటే చాలు. అయితే అన్నీ అక్కడే ఉంటాయని లేదు, కొన్ని మెటా డేటా సర్వీసెస్‌లో పెట్టి ఉంటారు, కొన్ని డాట్ డీటీఎస్ ఫైళ్లుగా ఏదో ఫోల్డర్‌లో పడుంటాయి. అన్నీ వెతికి, ఒక్కోదాన్నీ ఎంటర్‌ప్రైజ్ మేనేజర్‌లో తెరిచి, సేవ్ యాజ్‌లో స్ట్రక్చర్డ్ స్టోరేజ్ ఫైల్ అని ఎంచుకుని డాట్ డీటీఎస్ ఫైలుగా ఒక ఫోల్డర్‌లోకి తీసుకోండి. ఇది మీ బ్యాకప్. ఏదైనా ప్యాకేజీ ఓనర్ పాస్‌వర్డ్ అడిగితే ఆ పాస్‌వర్డ్ కోసం ఇప్పుడే వెతకండి, పాత మిషన్ తీసేసాక వెతికితే ఏం లాభం.

ఇక్కడ ఒక చిక్కుంది. సేవ్ యాజ్ చేస్తే ప్యాకేజీకి కొత్త ఐడీ వస్తది. ఒక ప్యాకేజీ ఇంకో ప్యాకేజీని ఎగ్జిక్యూట్ ప్యాకేజ్ టాస్క్‌తో పిలుస్తుంటే అది ఐడీ పట్టుకుని పిలుస్తది, కొత్త ఐడీ దానికి తెలీదు. అందుకే బ్యాకప్‌కి ఫైళ్లు తీసుకున్నా, మార్చడానికి మాత్రం నేను ఆ టేబుల్ వరుసల్నే ఇన్సర్ట్ సెలెక్ట్‌తో పాత ఎంఎస్‌డీబీ నుంచి కొత్త ఎంఎస్‌డీబీలోకి కాపీ చేస్తా, ఐడీలు యథాతథంగా వస్తాయి. 2008 ఆర్2లో అవి మేనేజ్‌మెంట్ కింద లెగసీ అనే ఫోల్డర్‌లో కనపడతాయి.

ఇక జాబ్‌లు. ఇదే అన్నిటికన్నా దొంగ దెబ్బ. ఎంటర్‌ప్రైజ్ మేనేజర్‌లో షెడ్యూల్ ప్యాకేజ్ అని కొట్టి తయారు చేసిన జాబ్‌లో స్టెప్ తెరిచి చూస్తే డీటీఎస్‌రన్, పక్కన స్లాష్ టిల్డా జెడ్, ఆ తర్వాత గజం పొడుగు హెక్సా అంకెలు ఉంటాయి. అది ఎన్‌క్రిప్ట్ చేసిన కమాండ్. దాని లోపల సర్వర్ పేరు కూడా ఉంటది. అంటే మీరు జాబ్‌ని స్క్రిప్ట్ తీసి కొత్త సర్వర్‌లో పెట్టారనుకోండి, అది చక్కగా నడుస్తది, సక్సెస్ అని కూడా వస్తది, కానీ లోపల పాత సర్వర్‌కి వెళ్లి పాత ప్యాకేజీని తెచ్చి నడుపుతది! మాకు రెండు రాత్రులు ఇట్లాగే జరిగింది. రెండు రాత్రులూ అన్నీ సక్సెస్, మూడో రోజు పొద్దున పాత సర్వర్ ప్లగ్ పీకేసరికి ఒక్కటీ నడవలా.

విప్పుకోడానికి దారి ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ మొత్తం లైను పేస్ట్ చేసి, చివర్న ఖాళీ వదిలి స్లాష్ ఆశ్చర్యార్థకం ఎక్స్, మళ్లీ ఖాళీ వదిలి స్లాష్ ఆశ్చర్యార్థకం సీ పెట్టి ఎంటర్ కొట్టండి. ఎక్స్ అంటే ప్యాకేజీని నడపొద్దని, సీ అంటే కమాండ్‌ని క్లిప్‌బోర్డ్‌లోకి కాపీ చెయ్యమని. నోట్‌ప్యాడ్ తెరిచి పేస్ట్ చేస్తే లోపల ఏ సర్వర్ పేరు, ఏ ప్యాకేజీ పేరు అన్నీ మామూలు అక్షరాల్లో వస్తాయి, ఒక్కోసారి ఎస్‌ఏ (డేటాబేస్ అడ్మిన్ లాగిన్) పాస్‌వర్డ్ కూడా వస్తది, అందుకని నోట్‌ప్యాడ్ ఫైలు డెస్క్‌టాప్ మీద వదిలి టీకి వెళ్లకండి. ఇట్లా జాబ్‌లన్నీ విప్పి ఒక ఎక్సెల్‌లో రాసుకోండి: జాబ్ పేరు, టైము, ప్యాకేజీ, ఎక్కడి నుంచి చదువుతోంది, ఎక్కడికి రాస్తోంది. విసుగు పని, కానీ నాకు తొమ్మిది రోజులు పట్టడానికి కారణం ఇది మొదటి రోజే చెయ్యకపోవడం.

ఇప్పుడు కొత్త సర్వర్. ఇన్‌స్టాల్ చెయ్యాల్సినవి రెండే: ఎస్క్యూఎల్ సర్వర్ 2005 బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ కాంపొనెంట్స్, ఎస్క్యూఎల్ సర్వర్ 2000 డీటీఎస్ డిజైనర్ కాంపొనెంట్స్. రెండూ 2005 ఫీచర్ ప్యాక్‌లో వచ్చిన ఎంఎస్ఐలు, అంటే ఇన్‌స్టాల్ ఫైళ్లు. మొదటిది రన్‌టైమ్ కోసం, రెండోది ప్యాకేజీని తెరిచి బొమ్మ చూసి మార్చుకోడానికి. 64 బిట్ విండోస్‌కి మొదటిది 64 బిట్ ఎంఎస్ఐ విడిగా ఉంటది, అది పెట్టినా లోపల డీటీఎస్ మాత్రం 32 బిట్టే. డిజైనర్‌ని నేను సర్వర్ మీద పెట్టను, ఒక అడ్మిన్ పీసీలో పెడతా, సర్వర్‌లో ఎవరో ఒకరు తెరిచి ఏదో కదిపి సేవ్ చేసే ప్రమాదం ఉండదు. అధికారికంగా ఈ సపోర్ట్ ఎస్క్యూఎల్ 2008 ఆర్2 దాకానే ఉండేదని మళ్లీ చెప్తున్నా, కొత్త విండోస్‌లో నడిచినా అది మన పూచీ మీదే.

2008 మేనేజ్‌మెంట్ స్టూడియోలో డిజైనర్ తెరవబోతే కాంపొనెంట్స్ లేవని మొండికేస్తది, ఇన్‌స్టాల్ చేసినా అదే పాట పాడుతది. కారణం పాత్. సిస్టమ్ పాత్ వేరియబుల్‌లో ఎస్క్యూఎల్ సర్వర్ 80 టూల్స్ బిన్ ఫోల్డర్, 100 టూల్స్ ఫోల్డర్లకన్నా ముందు ఉండాలి (80 అంటే 2000ది, 100 అంటే 2008ది), దాన్ని ముందుకి జరిపి స్టూడియో మూసి తెరిస్తే చాలాసార్లు సరిపోద్ది. సరిపోకపోతే ఆ 80 బిన్‌లో సెమ్స్ఎఫ్‌సీ, ఎస్క్యూఎల్‌జీయూఐ, ఎస్క్యూఎల్‌ఎస్‌వీసీ అని మూడు డీఎల్ఎల్‌లు ఉంటాయి, వాటిని 100 టూల్స్ బిన్ లోపల వీఎస్‌షెల్, కామన్7, ఐడీఈ ఫోల్డర్‌లోకి కాపీ చెయ్యాలి, అవే పేర్లతో ఉన్న ఆర్ఎల్ఎల్ ఫైళ్లని దాని కింద రిసోర్సెస్, 1033 ఫోల్డర్‌లోకి.

ఒకవేళ ఎవరైనా 2005 ఇంజిన్నే కొత్త మిషన్‌లో ఎక్కిద్దాం అనుకుంటుంటే ఒక మాట. ఆరు కోర్ల ప్రాసెసర్ లాంటివి, అంటే కోర్ల లెక్క 2, 4, 8, 16 వరసలో పడనివి ఉన్న మిషన్‌లో 2005 సెటప్ మధ్యలో సర్వీస్ స్టార్ట్ కావట్లేదని ఆగిపోద్ది. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్ ట్యాబ్, అడ్వాన్స్‌డ్‌లో ప్రాసెసర్ల సంఖ్య 1 పెట్టి రీస్టార్ట్ చేసి ఇన్‌స్టాల్ చేసి, సర్వీస్ ప్యాక్ 2 కానీ ఆ పైది కానీ వేసి, మళ్లీ మామూలుగా పెట్టుకోవాలి. లక్షలు పోసి కొన్న సర్వర్‌ని ఒక్క కోర్ మీద బూట్ చేస్తుంటే ఓనర్ గారు పక్కన లేకుండా చూసుకోండి.

రెండో ప్రశ్న, ఎన్ని బిట్లు. జాబ్‌లో స్టెప్ టైపు ఆపరేటింగ్ సిస్టమ్, అంటే సీఎండీఎగ్జెక్ పెట్టి, డీటీఎస్‌రన్ పూర్తి దారి ఇవ్వండి, ప్రోగ్రామ్ ఫైల్స్ ఎక్స్86 కింద మైక్రోసాఫ్ట్ ఎస్క్యూఎల్ సర్వర్, 80, టూల్స్, బిన్. స్లాష్ ఎస్ తర్వాత సర్వర్ పేరు, స్లాష్ ఈ అంటే విండోస్ లాగిన్, స్లాష్ ఎన్ తర్వాత ప్యాకేజీ పేరు, ఫైలు నుంచి నడపాలంటే స్లాష్ ఎఫ్ తర్వాత డాట్ డీటీఎస్ ఫైలు దారి. ఇంజిన్ 2012 కానీ ఆ పైది కానీ అయితే స్లాష్ ఎఫ్ దారే పట్టండి. గ్లోబల్ వేరియబుల్ పంపాలంటే స్లాష్ ఏ, అందులో టైపు నంబర్ ఉంటది, స్ట్రింగ్‌కి 8, పూర్ణాంకానికి 3, తేదీకి 7. సీఎండీఎగ్జెక్ స్టెప్‌లో మొదటి లైను మాత్రమే నడుస్తది, రెండో లైన్లో ఎంత ముఖ్యమైనది రాసినా దాన్ని పట్టించుకోదు, పైగా ఖాళీలున్న దారులు, కోట్స్ కలిసి పెద్ద తలనొప్పి. నేను అందుకే ఒక్కో ప్యాకేజీకి ఒక బ్యాట్ ఫైలు రాసి జాబ్‌లో ఆ బ్యాట్ ఫైలు ఒక్కటే పిలుస్తా.

పాత సర్వర్‌లో కొందరు ప్యాకేజీలని ఎస్పీ ఓఏ క్రియేట్‌తో స్టోర్డ్ ప్రొసీజర్ లోంచి లేపేవాళ్లు, కొందరు యాక్టివ్ఎక్స్ స్క్రిప్ట్ జాబ్ స్టెప్‌లో క్రియేట్ ఆబ్జెక్ట్ డీటీఎస్ డాట్ ప్యాకేజ్ అని రాసేవాళ్లు. ఇవి రెండూ 64 బిట్ ఇంజిన్‌లో కుదరవు, 64 బిట్ ప్రాసెస్ తన లోపలికి 32 బిట్ డీఎల్ఎల్‌ని రానివ్వదు, ఎర్రర్ 429 అనో క్లాస్ నాట్ రిజిస్టర్డ్ అనో వస్తది. ఎవరెన్ని రిజిస్ట్రీ చిట్కాలు చెప్పినా వినకుండా బ్యాట్ ఫైలుకి మార్చేయండి.

ఓడీబీసీ (ప్రోగ్రాములు డేటాబేస్‌కి కనెక్ట్ అయ్యే పద్ధతి) దగ్గర మైక్రోసాఫ్ట్ వాళ్లు పెట్టిన పేర్లు చూస్తే ఎవరికైనా తల తిరుగుద్ది. విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32 అనే ఫోల్డర్‌లో ఉండేది 64 బిట్ సరుకు, సిస్‌వావ్64 అనే ఫోల్డర్‌లో ఉండేది 32 బిట్ సరుకు. అవును, పేరు తిరగేసి ఉంది. ఓడీబీసీఏడీ32 అనే ప్రోగ్రామ్ రెండింట్లోనూ అదే పేరుతో ఉంటది. సిస్టమ్32లోది తెరిచి డీఎస్ఎన్ చేస్తే అది 64 బిట్‌కి చేసినట్టు, డీటీఎస్‌కి కనపడదు. సిస్‌వావ్64లోది తెరిచి, సిస్టమ్ డీఎస్ఎన్ ట్యాబ్‌లో చెయ్యాలి, యూజర్ డీఎస్ఎన్ చేస్తే ఏజెంట్ అకౌంట్‌కి కనపడదు. ఎర్రర్ కోడ్ ఐఎం002 వస్తే ఆ పేరుతో డీఎస్ఎన్ దొరకలేదని, ఐఎం014 వస్తే పేరు దొరికింది కానీ బిట్లు కలవలేదని. ఈ రెండు నంబర్లు తెలిస్తే సగం రోజు మిగిలిద్ది.

డ్రైవర్లు కూడా అంతే. ఫాక్స్‌ప్రో డీబీఎఫ్ చదివే విజువల్ ఫాక్స్‌ప్రో ప్రొవైడర్, యాక్సెస్‌కీ పాత ఎక్సెల్‌కీ వాడే జెట్ 4.0, రెండూ 32 బిట్‌లోనే ఉన్నాయి. ఇక్కడ మనకి ఒక లాభం ఏంటంటే డీటీఎస్‌రన్ కూడా 32 బిట్టే కాబట్టి అవి దానికి హాయిగా దొరుకుతాయి, ఎస్ఎస్ఐఎస్‌కి మార్చినవాళ్లే జాబ్ స్టెప్‌లో 32 బిట్ రన్‌టైమ్ అనే గడి టిక్ పెట్టడం మర్చిపోయి గింజుకుంటారు. వీబీలో రాసిన సొంత డీఎల్ఎల్ ఏదైనా ప్యాకేజీలోంచి పిలుస్తుంటే సిస్‌వావ్64లో ఉన్న రెగ్‌ఎస్‌వీఆర్32తోనే రిజిస్టర్ చెయ్యండి.

సర్వర్ పేరు మారితే ముప్పై ప్యాకేజీలూ తెరిచి ఒక్కో కనెక్షన్ మార్చాలా అంటే అక్కర్లేదు. సిస్‌వావ్64లో క్లీకాన్ఫిగ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది, సీ ఎల్ ఐ సీ ఓ ఎన్ ఎఫ్ జీ, దాంట్లో ఏలియాస్ ట్యాబ్‌లో పాత సర్వర్ పేరు రాసి, దానికి కొత్త సర్వర్ అడ్రస్, పోర్టు ఇచ్చేయండి. డీటీఎస్ పాత పేరుతో పిలిచినా కొత్త సర్వరే పలుకుద్ది. నాకు ఇది ఆరో రోజు గుర్తొచ్చింది, అప్పటికే పందొమ్మిది ప్యాకేజీలు చేత్తో మార్చేసి ఉన్నా. ఇది ఆ మిషన్‌కే పనికొస్తది, డిజైనర్ ఉన్న పీసీలో మళ్లీ విడిగా పెట్టుకోవాలి.

కొత్త ఇంజిన్‌లో ప్యాకేజీ లోపలి ఎస్క్యూఎల్ కూడా కొన్నిచోట్ల చెల్లదు. పాత రోజుల్లో అవుటర్ జాయిన్‌కి స్టార్ గుర్తు, ఈక్వల్ పక్కపక్కన రాసేవాళ్లు కదా, ఆ రాత కంపాటిబిలిటీ లెవెల్ (డేటాబేస్ ఏ వెర్షన్ పద్ధతిలో నడవాలో చెప్పే అంకె) 90 నుంచి పనిచెయ్యదు. 2008 ఆర్2లో డేటాబేస్‌ని 80 లెవెల్‌లో ఉంచి ప్రస్తుతానికి గట్టెక్కొచ్చు, 2012లో 80 అనే లెవెల్ లేదు, లెఫ్ట్ జాయిన్ అని తిరగరాయాల్సిందే. కాపీ ఎస్క్యూఎల్ సర్వర్ ఆబ్జెక్ట్స్ టాస్క్ ఉన్న ప్యాకేజీలు ఉంటే దాన్ని తీసేసి మామూలు ఎస్క్యూఎల్ రాసుకోండి, దాంతో కుస్తీ పట్టొద్దు. ఇంకొకటి, సెక్యూరిటీ వాళ్లు వచ్చి టీఎల్ఎస్ 1.0 (కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే పాత పద్ధతి) ఆపేసారంటే పాత ఓఎల్ఈడీబీ ప్రొవైడర్, అంటే కనెక్షన్ డ్రైవర్, సర్వర్‌కి కనెక్ట్ కాలేక ఎస్ఎస్ఎల్ సెక్యూరిటీ ఎర్రర్ అంటది, నిన్నటిదాకా నడిచింది ఇవాళ అన్నీ ఒక్కసారే ఆగాయంటే ముందు ఇదే అడగండి.

మూడో ప్రశ్న, ఎవరి పేరు మీద. ఏజెంట్ సర్వీస్‌కి జెడ్ డ్రైవ్ అంటే ఏంటో తెలీదు, మ్యాప్ చేసిన డ్రైవ్‌లు మీ లాగిన్‌కే ఉంటాయి, ప్యాకేజీల్లో దారులన్నీ రెండు వెనక స్లాష్‌లతో మొదలయ్యే షేర్ దారుల్లోకి మార్చి, ఆ షేర్ మీద ఏజెంట్ అకౌంట్‌కి అనుమతి ఇవ్వాలి. మా కాటా రూము పీసీలో ఎక్స్‌పీ ఉంది, దానికి ఎస్ఎంబీ1 అనే పాత ఫైల్ షేరింగ్ పద్ధతి తప్ప రాదు. కొత్త సర్వర్ విండోస్ 2012 ఆర్2 కాబట్టి మాకు షేర్ తెరుచుకుంది, మీది 2019 అయితే ఎస్ఎంబీ1 దాంట్లో మొదట్నుంచీ తీసేసి ఉంటది. దాన్ని మళ్లీ ఎక్కించకండి, ఎక్స్‌పీ పీసీ నుంచి ఎఫ్‌టీపీతో ఫైలు తోయించడం మేలు.

తేదీల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది ఎర్రర్ చూపించదు. ఆరోజు మార్చి రెండో వారం, సీజన్ మంచి రద్దీలో ఉంది, బయట టిక్కీల (మిర్చి బస్తాల) లారీలు గేటు దాటి రోడ్డు మీదకి నిలబడ్డాయి, మిర్చి ఘాటుకి ఏసీ రూములో కూడా తుమ్ములే. జాబ్‌లన్నీ పచ్చగా ఉన్నాయి, సరే సాయంత్రం ట్రైన్‌కి వెళ్లిపోదాం అని బ్యాగు సర్దుకుంటుంటే అక్కడ ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న గుమాస్తా గారు బాండు ప్రింటు ఒకటి పట్టుకొచ్చి నా టేబుల్ మీద పెట్టారు.

"బాబూ, ఇంకా మార్చే నడుస్తుంటే ఈ లాట్ మే మూడో తారీకున ఎట్లా వచ్చింది?"

"ఏదీ చూడనీండి బాబాయ్ గారూ... కాటా చీటీలో ఏముంది?"

"చీటీలో మార్చి ఐదు. మీ మిషన్‌లో మే మూడు. రైతు ఇంకా కోతే కొయ్యలేదేమో పాపం."

కాటా పీసీ ఇచ్చే సీఎస్‌వీలో తేదీ మన పద్ధతిలో, ముందు రోజు తర్వాత నెల. పాత సర్వర్‌లో రీజనల్ సెట్టింగ్ ఎవరో ఇండియాకి పెట్టి ఉన్నారు. కొత్త దాంట్లో అమెరికా. ప్యాకేజీలో యాక్టివ్ఎక్స్ స్క్రిప్ట్ వీబీస్క్రిప్ట్ సీడేట్ ఫంక్షన్ వాడుతోంది, అది ఏ అకౌంట్ మీద నడిస్తే ఆ అకౌంట్ సెట్టింగ్ ప్రకారం చదువుతది. 05/03 అంటే మే 3 అనుకుంది. మరి 13/03 వస్తే? పదమూడో నెల లేదు కదా, అప్పుడు ఎర్రర్ ఇవ్వకుండా అదే తెలివిగా తిప్పుకుని మార్చి 13 అని సరిగ్గా చదివేసుద్ది! అంటే నెలలో 12వ తేదీ దాకా వచ్చినవి తప్పు, 13 నుంచి వచ్చినవి రైటు, మూడో నెల మూడో తేదీలాంటివి ఎటు చదివినా రైటు. నేను టెస్ట్ చేసింది ఫిబ్రవరి చివరి వారం ఫైళ్లతో, అన్నీ 13 దాటినవే. అడ్వాన్సుల మీద వడ్డీ ఈ తేదీల మీదే లెక్క కడతారు కాబట్టి ఆయన చూడకపోయుంటే ఎవరి డబ్బు ఎటు పోయేదో.

సరి చెయ్యడానికి రీజియన్ సెట్టింగ్స్‌లో అడ్మినిస్ట్రేటివ్ ట్యాబ్‌లో కాపీ సెట్టింగ్స్ అని ఉంటది, ఇండియా ఫార్మాట్ పెట్టుకుని దాన్ని సిస్టమ్ అకౌంట్లకి కాపీ చెయ్యొచ్చు, కానీ ఏజెంట్‌కి వేరే డొమైన్ అకౌంట్ పెట్టి ఉంటే ఆ అకౌంట్‌తో లాగిన్ అయ్యి విడిగా మార్చాలి, రేపు ఎవరో అకౌంట్ మారిస్తే మళ్లీ మొదటికొస్తది. నేను స్క్రిప్ట్‌నే మార్చా. సీడేట్ తీసేసి డేట్‌సీరియల్ పెట్టి, మిడ్‌తో 7వ అక్షరం నుంచి 4 అక్షరాలు సంవత్సరం, 4 నుంచి 2 నెల, 1 నుంచి 2 రోజు అని ముక్కలు కోసి ఇచ్చా. ఇప్పుడు ఏ దేశం సెట్టింగ్ ఉన్నా సంబంధం లేదు. స్క్రిప్ట్ రాయడం ఇష్టం లేకపోతే ట్రాన్స్‌ఫర్మేషన్‌లో డేట్ టైమ్ స్ట్రింగ్ అనే రకం ఉంది, అందులో వచ్చే ఫార్మాట్ మీరే చెప్పొచ్చు. టెస్ట్ మాత్రం నెల మొదటి పన్నెండు రోజుల ఫైళ్లతో చెయ్యండి.

అక్కడే పార్టీ పేర్ల కాలమ్‌లో ఇంకో సంగతి చూసా. పాత పేర్లు కొన్ని అను ఫాంట్‌లో టైపు చేసినవి, డేటాబేస్‌లో చూస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాల్లా ఉంటాయి, ఫాంట్ పెడితేనే తెలుగు. ఇట్లాంటివి ఉంటే రెండు వైపులా కొలేషన్ (అక్షరాలని దాచే, పోల్చే పద్ధతి) ఒకటే ఉండేట్టు చూసుకోండి, కోడ్ పేజీ తేడా ఉంటే ఆటో ట్రాన్స్‌లేట్ అనే ప్రాపర్టీ అక్షరాలని మార్చేస్తది, మారిన అక్షరం మళ్లీ వెనక్కి రాదు.

కొత్త హార్డ్‌వేర్ స్పీడే ఒక్కోసారి కొంప ముంచుద్ది. డీటీఎస్ ఒకేసారి నాలుగు టాస్కుల దాకా పక్కపక్కన నడుపుతది, పాత మిషన్‌లో ఉన్నది ఒక్క ప్రాసెసర్ కాబట్టి అవి ఎట్లాగో వరసలో అయిపోయేవి, పదహారు కోర్లు వచ్చేసరికి నిజంగానే ఒకేసారి పరిగెత్తి, జెట్ దగ్గరో వీబీ డీఎల్ఎల్ దగ్గరో ఒకదాన్నొకటి తొక్కుకుని యాక్సెస్ వయొలేషన్‌తో పడిపోతాయి, అదీ రోజూ కాదు, వారానికి రెండుసార్లు. ఎక్సెల్, యాక్సెస్, ఫాక్స్‌ప్రో, సొంత డీఎల్ఎల్ ముట్టుకునే ప్రతి స్టెప్‌కీ వర్క్‌ఫ్లో ప్రాపర్టీస్‌లో ఎగ్జిక్యూట్ ఆన్ మెయిన్ ప్యాకేజ్ థ్రెడ్ అనేది టిక్ పెట్టండి. వరస ముఖ్యమైన చోట ఆన్ సక్సెస్ బాణం గీయండి, పాతాయన గీయలేదు, గీయకపోయినా నడిచింది కాబట్టి.

జాబ్ సక్సెస్ అన్నంత మాత్రాన నమ్మొద్దు. లోపల స్టెప్ ఫెయిలైనా ప్యాకేజీ మాత్రం అయిపోయింది అని చెప్పగలదు. ప్యాకేజీ ప్రాపర్టీస్‌లో లాగింగ్ ట్యాబ్‌లో ఫెయిల్ ప్యాకేజ్ ఆన్ ఫస్ట్ ఎర్రర్ పెట్టండి, ఎర్రర్ ఫైలు దారి ఇవ్వండి. దీనితో పాటు నేను ఒక చిన్న టేబుల్ చేసి, ప్రతి ప్యాకేజీ చివర ఎన్ని వరుసలు వచ్చాయో రాయిస్తా, పొద్దున్నే గుమాస్తా గారు కాటా చీటీల కట్ట లెక్కతో దాన్ని పోల్చుకుంటారు. ఇంతకు మించిన మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ నేను చూళ్లేదు.

ఇదంతా కాకుండా ఇంకో దారి, పాత 32 బిట్ విండోస్ 2003 మిషన్‌నే మొత్తంగా వర్చువల్ మిషన్ చేసి కొత్త సర్వర్ మీద పెట్టుకోవడం. డిస్క్2వీహెచ్‌డీ పాత వెర్షన్‌తో డిస్క్ ఇమేజ్ తీసి, హైపర్-వీలో (విండోస్‌లో వర్చువల్ మిషన్లు నడిపే భాగం) జనరేషన్ 1 మిషన్‌గా, డిస్క్‌ని ఐడీఈ కంట్రోలర్‌కి తగిలించి, ఇంటిగ్రేషన్ సర్వీసెస్ ఎక్కేదాకా లెగసీ నెట్‌వర్క్ అడాప్టర్ పెట్టి లేపాలి, ప్రాసెసర్లు ఒకటో రెండో ఇస్తే చాలు. ప్యాకేజీలు వందల్లో ఉండి, వాటిలో ఏముందో ఎవరికీ తెలీకపోతే నేనైనా ఇదే చేస్తా. కానీ విండోస్ 2003 సపోర్ట్ 2015 జులై 14న, ఎస్క్యూఎల్ 2000ది 2013 ఏప్రిల్ 9న అయిపోయాయి, దాన్ని ఇంటర్నెట్‌కి ఆమడ దూరంలో విడి నెట్‌వర్క్‌లో కట్టేయాలి.

ముప్పైలో పదకొండు ప్యాకేజీలు ఒక టేబుల్‌లోంచి ఇంకో టేబుల్‌లోకి వేసే మామూలువి, వాటిని డీటీఎస్‌లో ఉంచడం దండగ, స్టోర్డ్ ప్రొసీజర్లుగా రాసి పడేసా. ఏడు ప్యాకేజీలు రాసే టేబుళ్లని ఎవరూ చదవట్లేదు, అడిగితే ఆ రిపోర్టు చూసే పార్ట్‌నర్ బయటికెళ్లిపోయి చాలా కాలమైందన్నారు, వాటిని ఆపేసాం. వీబీస్క్రిప్ట్ బాగా ఉన్నవాటిని కూడా ఎప్పుడో ఒకప్పుడు మార్చక తప్పదు, 2023లో మైక్రోసాఫ్ట్ వీబీస్క్రిప్ట్‌నే విండోస్‌లోంచి తీసేయబోతున్నాం అని చెప్పేసింది.

చివరి పని పాత సర్వర్‌ది. రెండూ ఒకేసారి నడిస్తే ఫైలు ఎవరు ముందు తీసుకుంటే వాళ్లది అవుతది, అందుకని మారిన రోజే పాత దాంట్లో ఏజెంట్ సర్వీస్‌ని ఆపి డిసేబుల్ చెయ్యండి, ఆపి వదిలేస్తే రీస్టార్ట్‌కి మళ్లీ లేస్తది. వారం తర్వాత నెట్‌వర్క్ కేబుల్ పీకి, మిషన్ ఆన్‌లోనే ఉంచి ఒక నెలాఖరు లెక్కలు దాటనివ్వండి, నెలకొకసారి నడిచే ప్యాకేజీ ఏదైనా మిగిలిపోతే అప్పుడే బయటపడిద్ది. మాకు ఒకటి బయటపడింది, కరెంటు బిల్లుల పంపకం లెక్కది, 31వ తేదీ ఉన్న నెలల్లోనే నడిచేట్టు షెడ్యూల్ పెట్టి ఉంది.